రేపటి పనిని నేడే తలపోయుట అవిశ్వాసమా?

చదువవలసిన వాక్యభాగములు: యెషయా 28:24-29, మత్తయి 6:34, యాకోబు 4:13-15



మన గ్రామసంఘములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. "రేపటి సంగతి మనకెందుకండీ, ప్రభువే చూచుకొంటాడు" అని చెప్పుదురు. ఆ మాటలో గొప్ప విశ్వాసము కలదు. పంట పోయిన సంవత్సరమున, రోగి మంచము ప్రక్కన, ఆ యొక్క మాటనే పట్టుకొని నిలిచిన తల్లిదండ్రులను మనమందరము ఎరుగుదుము. వారి విశ్వాసమును తక్కువచేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు.

అయితే అదే మాట వేరొక చోట వేరొక పనికి వాడబడుచున్నది. పిల్లవాని పరీక్ష ఫీజుకు గడువు ఎప్పుడని తండ్రిని అడిగినయెడల, ప్రభువే చూచుకొంటాడనును. డ్వాక్రా సంఘపు కంతు ఏ తేదీకి కట్టవలెనని తల్లిని అడిగినను అదే జవాబు. రాబోవు ఆదివారపు పాఠము చదివితివా అని సండేస్కూలు ఉపాధ్యాయుని అడిగినను అదే జవాబు. తుదకు గడువు దాటిపోవును. అప్పుడు పరుగు, అప్పు, ఇంటిలో కలహము. ఆ కలహము నడుమ దేవునిమీద సణుగుడు. చూచుకొనుమని ఆయనమీద వేసిన పని నిజముగా ఎవరిది? ఫీజు కట్టు తేదీని జ్ఞాపకముంచుకొనుమని దేవుడు తండ్రికి బుద్ధినిచ్చెను. ఇచ్చిన బుద్ధిని వాడక, దానికి బదులుగా అద్భుతమును అడుగుట విశ్వాసమని నాకు తోచుట లేదు.

కాబట్టి ఈ నెల ఒక ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాను. మరుసటి దినపు పనిని ముందుగా తలపోసి ఒక క్రమములో పెట్టుకొనుట, అదియు ఏదో ఒకనాడు కాక ప్రతిదినము అట్లు చేయుట, విశ్వాసికి తగునా? అది దేవుని చేతిలోని దినమును మన చేతిలోనికి లాగుకొనుట కాదా?

మొదట మత్తయి సువార్త ఆరవ అధ్యాయపు కడపటి వచనమును చూడుడి. రేపటినిగూర్చి మన ప్రభువు నిషేధించినది ఏది? మన తెలుగు బైబిలులో అక్కడ వాడబడిన మాట చింత. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో రేపటిని తలంపకుడి అన్నట్లు ధ్వనించు మాట యున్నది. ఆ కాలపు ఇంగ్లీషులో ఆ మాటకు వ్యాకులమను అర్థమును ఉండెను; కాలము గడచిన కొలది ఆ అర్థము మరుగుపడి, కొందరు చదువరులు తలంపే పాపమని భ్రమపడిరి. ఈ విషయములో మన తెలుగు బైబిలు మనకు మేలు చేసినది. చింత వేరు, తలంపు వేరు. చింతించువాడు రాత్రియంతయు రేపటిని నమలుచుండును గాని ఒక్క పనియైనను తేల్చుకొనడు. తలపోయువాడు పావుగంట కూర్చుండి, మూడు పనులు తేల్చుకొని, పండుకొని నిద్రపోవును. నేను చూచినంతవరకు, రేపటి పనికి ఏర్పాటు లేని ఇంటిలోనే రేపటి చింత ఎక్కువ.

మన్నా సంగతియు ఈలాగే యున్నది. నిర్గమకాండము పదునారవ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఏనాటి ఆహారము ఆనాడే కూర్చుకొనుమని చెప్పెను. దాచినవారి మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. ఇంతవరకు అందరికిని జ్ఞాపకమే. అయితే ఆరవ దినమున రెండింతలు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి, వండవలసినది వండి, మిగిలినది మరునాటికి ఉంచుకొనుమని సెలవిచ్చినవాడును ఆయనే. దాచవద్దన్న దేవుడే దాచుమనెను. ఆయన విశ్రాంతిదినమును గౌరవింపవలెనన్నచో శుక్రవారముననే పొయ్యి పని ముగియవలెను. ముందుచూపు లేని ఇంటికి విశ్రాంతిదినము లేదు. మన ఇండ్లలోను శనివారము రాత్రి బట్టలు ఉదుకక, బియ్యము ఏరక, పిండి రుబ్బక ఊరకున్నవారు ఆదివారము మొదటి కీర్తనకు ఏనాడును రాలేరు.

ఇప్పుడు యెషయా ఇరువది యెనిమిదవ అధ్యాయమును తెరచి చూడుడి. ఇది రైతుల కొరకు వ్రాయబడిన భాగమా అని తోచును. దున్నువాడు దినమెల్ల దున్నుచునే యుండునా అని ప్రవక్త అడుగుచున్నాడు. నేల చదునైన తరువాత అతడు జీలకఱ్ఱ చల్లును, గోధుమలు వరుసగా విత్తును, యవలకు వాటి చోటు ఏర్పరచును. నూర్పునాడు జీలకఱ్ఱమీద బండిచక్రమును నడిపింపడు. దానిని కఱ్ఱతో దులుపును. ఈ క్రమమంతయు అతనికి నేర్పినవాడు అతని దేవుడే అని ప్రవక్త చెప్పుచున్నాడు.

ఈ మాట మనకు క్రొత్త కాదు. తొలకరి పడినప్పుడు పదును ఎన్ని దినములుండునో మన రైతుకు తెలియును. పదునులో గొఱ్ఱు కట్టనివాడు తరువాత ఎంత కష్టపడినను ఆ మొలక రాదు. నారుమడి పోసిన దినముననే నాట్ల దినము ఏ వారములో పడునో అతడు లెక్కించుకొనును. నువ్వుల కట్టను తలక్రిందులు చేసి దులుపును, కందిని కఱ్ఱతో కొట్టును, వరిని నూర్చును. దేనికి ఏది తగునో, దేని తరువాత ఏది రావలెనో అతని చేతులకే తెలిసియుండును. అయితే ఒక వింత కలదు. పొలములో ఇంత క్రమము తెలిసిన మనిషి ఇంటికి వచ్చునప్పటికి, ప్రార్థన విషయములోను, బిడ్డల చదువు విషయములోను, అప్పు తీర్చు విషయములోను పదును ఎరుగనివానివలె ఉండును. ఆ రైతుకు పొలములో నేర్పిన దేవుడు ఇంటిలో నేర్పడా? పిల్లవానికి చదువు అలవడు వయస్సు ఒక పదును. ముసలి తల్లి ఇంకను మాటలాడగలిగిన దినములు ఒక పదును. అవియు ఆరిపోవును.

యాకోబు పత్రికను ఎత్తి కొందరు నాతో వాదించుదురు. రేపు ఫలాని పట్టణమునకు పోయి, ఒక సంవత్సరముండి, వ్యాపారము చేసి లాభము తీయుదుమనువారిని యాకోబు గద్దించెను గదా అందురు. గద్దించెను. అయితే అతడు వారి ప్రయాణమును మానుమనలేదు, లెక్క వేయుట మానుమనలేదు. మన జీవము ఆవిరివంటిదని మరచి, రేపు మన సొత్తు అన్నట్లు మాటలాడుటను గద్దించెను. ప్రభువు చిత్తమైతే బ్రదికియుండి ఇది అది చేయుదుమని చెప్పుకొనుమనెను. ఇది అది అన్నచోట పని యున్నది, ఏర్పాటు యున్నది. ఏమియు తలపెట్టనివాడు ప్రభువు చిత్తమైతే అనుటకు ఆయన యెదుట ఏమి పెట్టును?

ఇక్కడ చిన్న మాట. మనవారిలో "దేవుని చిత్తమైతే వస్తామండి" అనినచో, రామని అర్థము. సంఘ పెద్దలకు ఇది బాగుగా తెలియును. ఆ జవాబిచ్చినవారికి కుర్చీ వేయరు. పరిశుద్ధమైన ఆ మాటను మర్యాదగా తప్పించుకొనుటకు వాడుట మానవలెను.

అపొస్తలుడైన పౌలు ఆ మాటను ఎట్లు వాడెనో చూడుడి. రోమాకు రావలెనని అనేక పర్యాయములు ఉద్దేశించి ఆటంకపరచబడితినని వ్రాసెను. అక్కడనుండి స్పెయినుకు పోవలెనని కూడ తలపెట్టెను. కొరింథులో చలికాలము గడుపుదునేమోయని వ్రాసి, తరువాత ఆ ఏర్పాటు మార్చుకొనినందున చపలచిత్తుడను నింద మోసెను. బితూనియకు పోవ ప్రయత్నింపగా ఆత్మ వెళ్లనియ్యలేదు. ఇన్ని మారులు దారి మూయబడినను, ఇక ఏర్పాట్లే చేయనని అతడు అనలేదు. తలపెట్టెను, దేవుని యెదుట పెట్టెను, దేవుడు మార్చినప్పుడు మార్చుకొనెను, మరల తలపెట్టెను. తెరవబడిన తలుపును మూయబడిన తలుపును ఎరుగుటకైనను మొదట నడచి తలుపువరకు పోవలెను గదా.

ఇంతవరకు చెప్పినది విని, మన సంఘములో సగముమంది అడుగదగిన ప్రశ్న ఒకటి యున్నది. "అయ్యగారూ, మా దినం మా చేతిలో ఎక్కడుందండీ? మేస్త్రీ పిలిస్తే పోతాం, పిలవకపోతే లేదు. ఏర్పాటు చేసుకొనేది ఉద్యోగస్థులు." ఇది నిజమైన ప్రశ్న. దీనిని త్రోసివేయు బోధకుడు కూలిపని ఎట్టిదో ఎరుగనివాడు. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, ఆటో ఎక్కి, ఎండలో కలుపు తీసి, చీకటిపడి వచ్చు తల్లికి, నీ దినమును క్రమపరచుకొనుమని చెప్పుట ఎగతాళివలె వినబడును.

అయితే ఎఫెసీయులకు వ్రాసిన పత్రికను నిదానించి చదివినయెడల ఒక సంగతి కనబడును. సమయమును సద్వినియోగము చేసికొనుమను ఆజ్ఞ అయిదవ అధ్యాయములో ఉన్నది. ఆరవ అధ్యాయములో దాసులను పిలిచి బుద్ధి చెప్పుచున్నాడు. అనగా ఆ సంఘములో ఆ ఆజ్ఞను విన్నవారిలో దాసులును ఉండిరి. వారి దినము మాత్రమే కాదు, వారి దేహమే యజమానునిది. కొలొస్సయి పత్రికలోను ఈలాగే దాసులకు బుద్ధి, సమయమునుగూర్చిన ఆజ్ఞ దగ్గరదగ్గరగా ఉన్నవి. కాబట్టి ఆ ఆజ్ఞ తీరికగలవారికి మాత్రమే చెప్పబడినది కాదు.

మూలభాషయైన గ్రీకులో అక్కడ ఉన్న మాటకు వెల యిచ్చి విడిపించుట అని అర్థము. క్రీస్తు మనలను ధర్మశాస్త్రపు శాపమునుండి విమోచించెనని గలతీయులకు వ్రాసినప్పుడు పౌలు వాడిన మాటయు అదే. తాకట్టులో నున్న పొలమును విడిపించుట మనకు తెలియును. ఎకరమంతయు ఒక్కసారి విడిపించు శక్తి లేనివాడు అర యెకరము విడిపించును. కూలితల్లి దినము తాకట్టులో నున్నది, నిజమే. విడిపించుకొనగలిగినది పొయ్యి వెలిగించుటకు ముందు పావుగంటయో, ఆటోలో కూర్చున్న అరగంటయో, రాత్రి భోజనమైన తరువాతి కొద్ది సమయమో. అంత కొంచెము ఉన్నవానికే దానిని ముందుగా ఏర్పరచుకొనుట మరి అవసరము. పది యెకరములవాడు ఒక మూల వృథా చేసినను బ్రదుకును. పది సెంట్లవాడు బ్రదుకడు.

కొంచెము కొంచెముగా విడువక చేయుటనుగూర్చి చెప్పునప్పుడు విలియం కేరీని మరచుట నాకు సాధ్యము కాదు. ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనిషి. 1793లో బంగాళమునకు వచ్చి, 1834లో చనిపోవువరకు ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగిపోలేదు. 1806 జూన్‌లో ఆయన తన స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో తన ఒక దినపు పని అంతయు వివరించెను. అప్పుడాయన కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బోధించుచుండెను. ఆరు గంటలకు పావుగంట ముందు లేచెను. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటలవరకు ఏకాంత ప్రార్థన. తరువాత పనివారితో కలిసి బంగాళీలో కుటుంబ ప్రార్థన. టీ సిద్ధమగు లోపల మున్షీయొద్ద కొంత పారసీకము. ఉపాహారము కాగానే పండితునితో సంస్కృత రామాయణమును తర్జుమా చేయు పని. పదింటినుండి ఒంటిగంట దాటువరకు కళాశాల. తరువాత యిర్మీయా గ్రంథపు బంగాళీ అచ్చుప్రతి దిద్దుట. భోజనమైన తరువాత మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయములో చాలవరకు సంస్కృతములోనికి. రాత్రి ఇంగ్లీషులో ప్రసంగము. అందరు వెళ్లిన తరువాత యెహెజ్కేలు పదునొకండవ అధ్యాయము బంగాళీలోనికి. పదకొండు గంటలు కావచ్చినప్పుడు ఆ ఉత్తరము వ్రాయ కూర్చుండెను.

ఆ జాబితాలో ఒక పంక్తిని నేను విడిచిపెట్టితిని. అది మనది గనుక వేరుగా చెప్పుచున్నాను. సాయంకాలము ఆరు గంటల తరువాత ఆయన తెలుగు పండితునియొద్ద కూర్చుండి తెలుగు నేర్చుకొనెను. పగలంతయు పనిచేసి అలసిన మనిషి, చీకటి పడినవేళ, కలకత్తాలో, మన అక్షరములు దిద్దుచుండెనని తలంచుకొనుడి. ఆ సాయంకాలములనుండి ఒక తెలుగు వ్యాకరణము తయారగుచుండెను. 1812 మార్చి 11వ తేదీ రాత్రి శ్రీరాంపురములోని మిషను అచ్చుకూటము కాలిపోయెను. కాలిపోయిన వ్రాతప్రతులలో ఆ తెలుగు వ్యాకరణమును ఉండెను. కేరీ మరల మొదటినుండి ఆరంభించెను. 1814లో అది శ్రీరాంపురములో అచ్చయెను.

ఈయన తన్నుగూర్చి తాను ఎట్లు తలంచెను? తన జీవితచరిత్ర ఎవరైన వ్రాసినయెడల, మెల్లగానైనను విడువక నడచువాడు అని మాత్రము వ్రాసిన చాలునని తన తమ్ముని కుమారునితో చెప్పెనని కలదు. గొప్ప తెలివి అనలేదు. గొప్ప వరము అనలేదు. ఏదైనా ఒక పనిని పట్టుకొని విడువకుండుట మాత్రమే తనకు వచ్చుననెను. ఇది మన గ్రామములలో ఎవరికిని అందనిది కాదు.

అయితే ఈ అలవాటు ఎట్లు కుదురును? కొందరు యువకులు జనవరి మొదటి తేదీన క్రొత్త డైరీలో ఇరువది పనులు వ్రాసికొందురు. సంక్రాంతికి డైరీ అటకమీద నుండును. ఇరువది పనులు ఒక దినపు ఏర్పాటు కాదు, అది కోరికల మూట. మూడు పనులు చాలును. దేవునికి సంబంధించినది ఒకటి, ఇంటివారికి సంబంధించినది ఒకటి, చేతిపనికి సంబంధించినది ఒకటి. వ్రాయగలవారు వ్రాసికొనుడి. వ్రాయలేని తల్లులు విచారపడనక్కరలేదు. పాలలెక్క, కూలిలెక్క వేలికణుపులమీద తప్పులేకుండ పెట్టుకొను మీరు మూడు పనులు మూడు వేళ్లమీద పెట్టుకొనలేరా?

ఏ వేళ? రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే అని నేను చెప్పుదును. ఆదికాండపు మొదటి అధ్యాయములో దినమును లెక్కించిన తీరు చూచితిరా? సాయంకాలము ముందు, ఉదయము తరువాత. యూదుల దినము నిద్రతో ఆరంభమగును. మనము నిద్రించుచుండగా దేవుడు పని ఆరంభించును; మనము లేచి ఆయన పనిలో చేరుదుము. కాబట్టి రాత్రి మూడు పనులను తలపోసి ఆయన చేతికప్పగించి పండుకొనుట ఆ క్రమమునకు తగియున్నది. మరియు ఎప్పుడును జరుగుచున్న ఒక పనికి క్రొత్త అలవాటును ముడివేసిన, అది తప్పిపోదు. కుటుంబ ప్రార్థన లేని ఇంటిలో గేదెకు మేత వేసిన తరువాత అనుకొనుడి, తలుపు గడియ వేసిన తరువాత అనుకొనుడి. వేళ మారకుండిన చాలును. తెల్లవారగానే సెల్‌ఫోను చేతపట్టువాడు తన దినక్రమమును ఊరిలోనివారందరి చేత వ్రాయించుకొనుచున్నాడు. అది చూచుటకు ముందే రాత్రి తలపోసిన మూడు పనులు ఒకసారి జ్ఞాపకమునకు తెచ్చుకొనుడి.

తప్పిపోయిన దినములు ఉండును. జ్వరము వచ్చును, పెండ్లి వచ్చును, చావు వచ్చును. అమెరికా దేశపు పెద్దలలో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్న పుస్తకములో గీతలు గీసికొని, పదుమూడు సద్గుణములను తనలో పరీక్షించుకొనుచు, దినమంతటికి వేళలు ఏర్పరచుకొనెను. ఆ పదుమూడింటిలో క్రమము అనునదే తన్ను అన్నిటికంటె ఎక్కువ శ్రమపెట్టినదని ఆయన తన ఆత్మకథలో ఒప్పుకొనెను. అంతటివానికే అట్లుండగా నాలుగు దినములు తప్పిపోయినందుకు మనము సిగ్గుపడి మానివేయనేల? తప్పిన నాలుగు దినములను అయిదవనాడు తీర్చవలెనని ప్రయత్నింపకుడి. నిన్నటి మన్నా నేటికి కూర్చబడదు. యెహోవా వాత్సల్యము అనుదినము నూతనముగా పుట్టునని విలాపవాక్యములలో ప్రవక్త పలికినది యెరూషలేము కాలిపోయిన తరువాతనే గదా. ఆ రాత్రి మరల మూడు పనులు తలపోసికొనుడి. అంతే.

ఇంకొక అపాయము కలదు. ఇది క్రమము నేర్చుకొనినవారికి వచ్చును. కొందరు తమ ఏర్పాటును విగ్రహముగా చేసికొందురు. పొరుగువాడు వచ్చి తలుపు తట్టినయెడల మొగము చిట్లించుదురు. మార్కు సువార్త అయిదవ అధ్యాయములో ప్రభువు యాయీరు ఇంటికి పోవుచుండెను. చావు బ్రదుకులలో ఉన్న చిన్నదాని పని. ఆలస్యమునకు చోటు లేదు. దారిలో ఒక స్త్రీ వెనుకనుండి ఆయన వస్త్రమును ముట్టెను. ఆయన నిలిచెను. ఆమె చెప్పినదంతయు వినెను. ఆలస్యమాయెను; చిన్నది చనిపోయెనను వార్తయు వచ్చెను. అయినను ఆయన యాయీరు ఇంటికి పోవుట మానలేదు. నిలిచిపోవుటయు ఆయనకు తెలియును, నిలిచిన తరువాత మొదటి పనికి తిరిగి పోవుటయు ఆయనకు తెలియును. మనలో కొందరికి మొదటిది రాదు, చాలమందికి రెండవది రాదు. అదే సువార్త మొదటి అధ్యాయములో, అందరు నిన్ను వెదకుచున్నారని శిష్యులు చెప్పినను, ఆయన ఆ ఊరిలో ఉండిపోక తక్కిన గ్రామములకు వెళ్లెను. తెల్లవారకముందే అరణ్యస్థలములో తండ్రితో ఉండి వచ్చినవాడు గనుక ఎవరికి నిలువవలెనో, ఎవరిని దాటి పోవలెనో ఆయన ఎరుగును.

కేరీ ఉత్తరమునుగూర్చి ఒక మాట మిగిలియున్నది. దానిని అనేక పర్యాయములు చదివినను ఒక ప్రశ్న నన్ను విడుచుట లేదు. తెల్లవారినది మొదలు అర్ధరాత్రి కావచ్చువరకు ఏడు భాషల పని అందులో ఉన్నది. ఆయన భార్య డోరతీ ఆ సంవత్సరములలో మనోవ్యాధితో బాధపడుచుండెను, 1807లో మరణించెను. కుమారులు ఎదుగుచుండిరి. ఆ దినపు లెక్కలో వారికి పంక్తి లేదు. ఆయనను నేను తీర్పు తీర్చుట లేదు. ఆ దినము ఆయన కలకత్తాలో పనిమీద ఉండెను. భార్యను వదలివేయక కడవరకు తన యింటనే ఉంచుకొనెను. అయినను ఎవరైన తమ దినక్రమమును వ్రాసికొనినప్పుడు, అందులో పనులెన్ని, మనుష్యులెందరు అని లెక్కించి చూచుట మంచిది. ప్రసంగములు సిద్ధపరచు కాపరియు లెక్కింపవలెను. సంఘ పెద్దయు లెక్కింపవలెను.

ఇందుకు ఒక తల్లి మాదిరి మనకున్నది. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అను గ్రామమున ఒక పాదిరిగారి భార్య సుసన్నా వెస్లీ. పంతొమ్మిదిమంది బిడ్డలను కని, తొమ్మండుగురిని పసితనములోనే పోగొట్టుకొనిన తల్లి. అప్పుల ఇల్లు, ఒకసారి ఆ ఇల్లు కాలిపోయెను కూడ. ఆ దినములలో మన దక్షిణదేశపు సముద్రతీరములోని తరంగంబాడికి 1706లో వచ్చిన డేనిష్ మిషనెరీల వృత్తాంతము ఒకటి ఆ ఇంటికి చేరెను. దానిని చదివి ఆమె హృదయము రగులుకొనెను. నేను పురుషుడను కాను, బోధకుడను కాను, అయినను ఇంకను ఎక్కువ చేయగలను గదా అని ఆలోచించెను. అంత దూరపు తమిళదేశములో జరిగిన పని అక్కడి వంటింటిలో ఫలించినది.

ఆమె చేసినదేమి? వారములో ప్రతి రాత్రిని ఒక బిడ్డకు ఏర్పరచెను. ఆ రాత్రి ఆ బిడ్డతో మాత్రమే, ఒంటరిగా కూర్చుండి, వాని ఆత్మసంగతులు మాటలాడును. సోమవారము ఒకతె, మంగళవారము ఒకతె, గురువారము జాన్‌కు, శనివారము చార్లెస్‌కు, ఆదివారము ఇద్దరికి. 1712లో తన భర్తకు వ్రాసిన ఉత్తరములో ఈ ఏర్పాటును వివరించెను. ఇంటినిండ బిడ్డలుగల తల్లికి, ఏర్పాటు లేకున్న, గట్టిగా ఏడ్చువానికే సమయము పోవును; నెమ్మదిగలవాడు మరుగునపడును. ఆమె ఏర్పాటువలన ఎవరును మరుగునపడలేదు.

మన ఇండ్లలో ఇది కుదురునా? ఇద్దరు ముగ్గురు బిడ్డలు, ఒక ముసలి అత్తగారు, మాట తక్కువైన భర్త. ఒక్కొక్కరికి వారములో ఒక రాత్రి, పావుగంట. గుడ్డి అత్తగారికి బుధవారమని ఏర్పరచినయెడల, ఆమె మంగళవారమునుండియే ఎదురుచూచును. హాస్టలులో చదువు బిడ్డకు శుక్రవారము రాత్రి ఫోను అని మాట ఇచ్చినయెడల, ఆ మాట తప్పకూడదు.

సుసన్నా గురువారములు జాన్ వెస్లీకి బాల్యములో దొరికినవి. 1732లో, ఆక్స్‌ఫర్డులో పండితుడై, ఇరువది యెనిమిదేండ్ల వయస్సున ఉండి, ఆయన తల్లికి ఒక ఉత్తరము వ్రాసెను. వెనుకటి గురువారపు సాయంకాలములో కొంచెము సమయము తనకు మరల ఇయ్యగలవా అని అందులో అడిగెను.